ఆగే వేలు, జారే వేలు

‘మైకు ముందు నిలబడినవాడికి పేరు, వెనక నిలబడినవాడికి వైరు’ అని మా షాపులో ఒక సామెత ఉండేది. పుట్టించింది నేనే కాబట్టి అది షాపు గడప దాటలేదు. మదనపల్లెలో పెళ్ళిళ్ళకూ సభలకూ నాటకాలకూ మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు మాది. నా ఉద్యోగమంతా అక్కడే గడిచింది. ఊళ్ళో అందరి గొంతులూ పెంచాను. ఇంట్లో మాత్రం నా గొంతు ఏనాడూ పెరగలేదు.

ఇప్పుడు సౌండు పని చేసుకునే కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ నా దగ్గరికొచ్చి, మీ కాలంలో రికార్డింగు ఎట్లా చేసేవాళ్ళని అడుగుతారు. ఎట్లా చేసేవాళ్ళమో చెబితే ఆవలిస్తారు. ఎట్లా చెడగొట్టేవాళ్ళమో చెబితే కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. అందుకని మీకూ చెడగొట్టిన కథే చెబుతాను.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలైన రోజులు. షాపులో నాకంటే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పుంగనూరు మనిషి, రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. నేను ‘అన్నా’ అని పిలిచేవాణ్ణి, మీకూ అన్నే అనుకోండి. మైకులూ లౌడ్‌స్పీకరు హారన్లూ నా పని, టేపు రికార్డరు అన్న పని. పద్యనాటకాల రికార్డింగులో ఆయన చెయ్యి తిరిగినవాడు అనేవాళ్ళు. చెయ్యి కాదు, వేలు తిరిగినవాడు అనాలి.

ఎందుకంటారా? ఆ రోజుల్లో చక్రాలకి చుట్టే స్పూలు టేపు దొరకడమే గగనం. నాటకమంతా ఎక్కిద్దామంటే చాలదు. జనం అడిగేదేమో పద్యాలు. కాబట్టి స్టేజీ మీద వచనం నడుస్తున్నా, హార్మోనియం ఒంటరిగా మోగుతున్నా పాజ్ మీట నొక్కి టేపు ఆపాలి. నటుడు గొంతెత్తగానే వదలాలి. ఇది మా వైపు నాటకాలు రికార్డు చేసే వాళ్ళందరి పద్ధతే. కానీ అన్న వేలు వేరు. పద్యం చివర రాగం సాగి సాగి, నటుడు ఊపిరి తీసుకునే సందులో ‘టక్’మని పడేది. ఒక్క అక్షరం తెగేది కాదు. ఆ టేపు విన్నవాళ్ళకి హార్మోనియం ఆయన ఆ పూట నాటకానికే రాలేదేమో అనిపించేది. అందుకే జిల్లాలో ఉన్న హార్మోనిస్టులెవరికీ అన్న పొడ గిట్టేది కాదు.

ఇట్లాంటి మా దగ్గరికి, కోలారు బంగారు గనుల ఊరి నుంచి ఒక గిటారు దొర వచ్చాడు.

ఆంగ్లో ఇండియన్. గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరు కావడానికి దగ్గర పడ్డ వయసు, పండిన మీసం. వాళ్ళది ముగ్గురి బృందం: ఈయన గిటారు, ఒకాయన డ్రమ్ములు, ఒకాయన పాట. ముగ్గురూ గనిలో పనివాళ్ళే. మదనపల్లె దగ్గర కొండల్లో ఉన్న ఒక బోర్డింగు స్కూలు వాళ్ళు వార్షికోత్సవానికి పిలిచారు. మైకులు మావి. రికార్డింగు కూడా చేసి పెట్టమని దొర ప్రత్యేకంగా అడిగాడు.

సామాను దించుతూ ఉంటే నా కళ్ళు ఆయన ఎడమచేతి చిటికెన వేలి మీదే ఉన్నాయి. దానికి ఒక ఉక్కు గొట్టం తొడుక్కుని ఉన్నాడు.

“ఆ గొట్టం యాల సార్?”

“ఈ వేలు మెషీన్లో పడింది మ్యాన్. వంగదు. వంగని వేలితో గిటారు రాదు, వదిలెయ్ అన్నారు. సరే, వంగని వేలికి వంగని గొట్టం కోసి తొడిగినా. ఇప్పుడు సూడు, యాడికంటే ఆడికి జారుతుంది.”

తీగ మీద ఆ గొట్టం పెట్టి జార్చాడు. నేను కేబులు చుట్టడం మరిచిపోయాను. హార్మోనియానికి మెట్లు ఉంటాయి, ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి ఎక్కాలి. దీనికి మెట్లే లేవు, జారుడుబండ. ఒక స్వరం ఇంకో స్వరం దాకా దారిపొడుగునా ఏడ్చుకుంటూ పోయి, అక్కడ చేరాక చిన్నగా వణికింది. గుట్ట మీద మంద చెదిరిపోతే మా గొర్రెలోళ్ళు పిలిచే పిలుపు గుర్తొచ్చింది.

“ఇదేం పాట సార్?”

“బ్లూస్. దుఃఖం పాట. దానికి కరెంటు పెడితే రాక్.”

“దుఃఖానికి కరెంటు పెడితే షాకు కదా సార్?” అన్నాను. దొర నవ్వి నా వీపు మీద కొట్టాడు. గొట్టం ఉన్న చేత్తోనే కొట్టాడు. అక్కడి నుంచి మా ఇద్దరికీ స్నేహం.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. బెంగళూరులో ఒక రికార్డు కంపెనీ పెద్దమనిషికి వీళ్ళ టేపు ఒకటి ఇచ్చారట. గదిలో చేసిన రికార్డింగు అది. ‘నాలుగు గోడల వాసన వస్తోంది, జనం ముందు వాయించింది తెండి, క్యాసెట్టు వేస్తాను’ అన్నాడట ఆయన. దొర ఆ నెలాఖరుకి రిటైరు. క్వార్టర్సు ఖాళీ చేసి కూతురి దగ్గరికి జబల్పూరు పోవాలి. పాట ఆయన, డ్రమ్ములాయన ఇక్కడే ఉండిపోతారు. అంటే ఆ నెల దాటితే బృందమూ లేదు, రికార్డింగూ లేదు.

“ఇన్నేళ్ళు వాయించినా మ్యాన్. గాల్లో కలిసిపోయింది అంతా. ఒక్కసారి పట్టుకుంటే సాలు” అన్నాడు.

స్కూలు హాల్లో మధ్యాహ్నం కచేరీ. స్టేజీ పక్కన యాంప్లిఫయరు దగ్గర నేను. తెర వెనక గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అన్న. మైకులు కూత పెట్టకుండా చూసుకోవడంతోనే నాకు సరిపోయింది. కానీ వినిపించింది మాత్రం మరిచిపోలేను. పాట ఆయన నాలుగు ముక్కలు పాడి పక్కకి తప్పుకునేవాడు. గొట్టం అందుకునేది. ఆయన ఏం పాడాడో అదే మళ్ళీ చెప్పేది, ఎదురు చెప్పేది, ఎగతాళి చేసేది, చివరికి ఓదార్చేది. అది ఆగగానే పిల్లలు బెంచీలు విరిగేట్టు చప్పట్లు కొట్టేవాళ్ళు.

మర్నాడు పొద్దున షాపులో అందరం చేరాం. దొర గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్ళిచూపులకి వచ్చినట్టు. అన్న టేపు పెట్టాడు.

పాట ఆయన గొంతు ఖణీమని వచ్చింది. నాలుగు ముక్కలు పాడాడు. టక్. మళ్ళీ ఆయనే ఇంకో నాలుగు ముక్కలు అందుకున్నాడు. టక్. మళ్ళీ ఆయనే.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అన్న ముఖం చూడలేకపోయాను. పాటలన్నీ ఉన్నాయి. ఒక్క మాట తెగలేదు. ఊపిరి దగ్గర కోసి, ఊపిరి దగ్గర అతికించాడు. గిటారు ఒంటరిగా మోగిన చోటల్లా ఆయన వేలు దాన్ని హార్మోనియం కింద లెక్కగట్టి ఆపేసింది. గిటారుతో పాటు పిల్లల చప్పట్లూ పోయాయి. కంపెనీ పెద్దమనిషి అడిగిన జనమూ లేరు, దొరా లేడు.

టేపు అయిపోయేదాకా దొర కదల్లేదు. తర్వాత చాలా మెల్లగా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

“పాట ఉండాది. ఇందులో నేను యాడ ఉండాను?”

అన్న లేచాడు. చెప్పులేసుకున్నాడు. పుంగనూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఇంక రికార్డరు ముట్టనని మా ఓనరుకి కబురు పెట్టాడు.

తర్వాతి సెలవు రోజున దొర మళ్ళీ షాపుకొచ్చాడు. తగాదాకే వచ్చాడనుకుని, ముందు జాగ్రత్తగా టీ తెప్పించాను.

“ఆ వేలాయన యాడ?” అన్నాడు.

“మానేశాడు సార్. పుంగనూరులో ఉండాడు.”

“పద పోదాం. నేను ఆ టేపు మళ్ళీ మళ్ళీ విన్నా మ్యాన్. ఆయన ఆపిన చోటు చూసినావా? నేను ఎప్పుడు మొదలుపెడతానో నా డ్రమ్మరుకే తెలీదు. నేను గొట్టం తీగ మీద పెట్టకముందే ఆయనకి తెలిసిపోయింది. అంత చెవి ఉన్నోడు నన్ను యాల తీసేసినాడు? అది తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.”

పుంగనూరులో అన్న ఇంటి వసారాలో ఆయన భార్య చింతకాయలు కొడుతోంది. దొరని, ఆయన గిటారుని చూసి లేచి నిలబడింది.

“నీ మొగుడు ఉండాడామ్మా?” అన్నాడు దొర.

“ఉండాడు దొరా. మూల కూసోని ఆ వేలు సూసుకుంటాండాడు. మీరన్నా బుద్ధి సెప్పండి. నా మాటలు మొదలైతే సాలు, ఆ మీట యాడుందో, టక్కున నొక్కేస్తాడు. ఇన్నేళ్ళ కాపరంలో నావి ఒక్క పద్యమూ ఎక్కలేదు.”

అన్న బయటికొచ్చాడు. దొరని చూసి తల దించుకున్నాడు. దొర చాప మీద కూర్చుని, కరెంటు లేకుండానే గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అప్పా, నాకు కోపం లేదు. ఒక్కటే సెప్పు. పద్యం అయినాక నటుడు రాగం తీస్తాడు కదా. దాన్ని తీసేస్తావా?”

“అయ్యో, దాన్ని యాల తీస్తాను? పద్యానికి ప్రాణమే రాగం.”

“అందులో మాట లేదే.”

“మాట లేకపోతేనేం దొరా, గొంతుండాది. గొంతు తీసే రాగం వేరు, హార్మోనియం పెట్టె తీసే రాగం వేరు. పెట్టె ఒంటరిగా మోగితే నా వేలు ఆగదు. అంటే, ఆపకుండా ఆగదు.”

దొర గొట్టం తొడుక్కుని, కళ్ళు మూసుకోమని అన్నకి సైగ చేశాడు. అన్న మూసుకున్నాడు. గొట్టం పైతీగ మీద మొదలై కిందికి జారింది. ఆగింది. ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్ళీ అక్కడి నుంచే ఎత్తుకుంది. నేను అన్న కుడిచేతిని చూస్తున్నాను. చాప మీద ఆయన చూపుడువేలు, లేని మీట మీద ఉన్నట్టు, లేచి నిలబడింది. దొర ఆపిన చోట వణికింది. పడలేదు.

“పడలేదే” అన్నాడు దొర, కళ్ళు అక్కడే పెట్టి.

“ఇది పెట్టె కాదు దొరా” అన్నాడు అన్న, కళ్ళు తెరవకుండానే. “ఆ పొద్దు మాటలాయన పక్కనే ఉండె. నా చెవి ఆయనెనకాల పోయింది. నిన్ను వినలేదు.”

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది: “ఆ ఏడుపు వినేది అయినట్టుండాది, కాఫీ తాగుతారా?”

ఇంకో అవకాశం ఎక్కడ? నెల చివరికి వచ్చేసింది. కుప్పం నుంచి శాంతిపురం పోయే దారిలో ఒక ఊళ్ళో జాతరకి మా మైకు సెట్టు ఒప్పుకుని ఉన్నాం. చీకటి పడ్డాక పద్యనాటకం. అంతకు ముందు, పొద్దు వాలే వేళ కాసేపు స్టేజీ ఖాళీ. ఆ ఊరి పెద్దాయన్ని అడిగాను.

“గిటారా? అందులో పద్యముండాదా?” అన్నాడాయన.

“రాగముండాది పెద్దాయనా.”

“రాగముంటే సాలు. కానీ ఒగటి గుర్తుపెట్టుకో. మా వాళ్ళకి నచ్చకపోతే సెప్పుతో సెప్తారు.”

ఆ రోజు గనుల ఊరి నుంచి ఇద్దరే దిగారు. పాట ఆయనకి షిఫ్టు మారింది, సెలవు దొరకలేదు. దొర గిటారు కింద పెట్టాడు.

“మాటలు లేవు మ్యాన్. ఇంగ్లీషు పాటే వీళ్ళకి అర్థం కాదు, అదీ లేకపోతే ఎట్లా?”

“అర్థం కానిది తగ్గింది కదా సార్, మంచిదే” అన్నాను. ధైర్యం చెప్పబోయాను కానీ నా గొంతే నాకు వినబడలేదు. ఆ రోజు తప్పితే ఇంక రోజు లేదని ముగ్గురికీ తెలుసు. నాలుగో మనిషికి ఇంకా బాగా తెలుసు: అన్న స్టేజీ కిందే, జనానికి ముందు, రికార్డరు పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి తెర వెనక కూర్చోనన్నాడు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువంతా వేసి కూర్చున్నాడు.

నాటకానికి ముందే చోటు పట్టుకోవాలని జనం గోనెపట్టాలు పరుచుకుని ఉన్నారు. సేద్యం చేసేవాళ్ళు, మందలు తోలేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు. గిటారు చూడగానే మొదలుపెట్టారు.

“యాప్పా, ఆ తంబురా వంకరుండాదే?”

“ఇదేం యేసం? రాజా, బంట్రోతా?”

“పద్యం యాడరా సామీ? మీసం సూపించేకి వచ్చినావా?”

డ్రమ్ము మెల్లగా అందుకుంది. దొర కళ్ళు మూసుకున్నాడు. గొట్టం జారింది.

నేను హారన్లని జనం మీదికి కాకుండా కొంచెం పైకి తిప్పి కట్టాను. ఆ శబ్దం ముందు గుట్టకి తగిలి, తర్వాత జనం మీదికి దిగింది. పాట ఆయన పాడే మాటలన్నీ ఆ పూట గొట్టమే పాడింది. అడిగింది, జవాబూ అదే చెప్పుకుంది. ఎగతాళులు ఒక్కొక్కటే తగ్గాయి. తమలపాకు నోట్లో పెట్టుకోబోయిన ఒక ముసలాయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మా వైపు జనానికి బ్లూస్ తెలియదు. కానీ రాగం తీసేవాడు ఊపిరి ఎక్కడ దాచుకుంటాడో, దాన్ని ఎక్కడ ఖర్చు పెడతాడో వాళ్ళకి పుట్టుకతో తెలుసు. దొర చివరి స్వరాన్ని పట్టుకుని కిందికి, కిందికి జారుస్తూ పోయాడు. ఇంక తీగ లేదనుకున్న చోట అది ఇంకొంచెం జారి ఆగిపోయింది.

చప్పట్లు లేవు. ఒక్కరూ కొట్టలేదు. దొర కళ్ళు తెరిచి నావైపు చూశాడు. అయిపోయింది అన్నట్టు గొట్టం వేలి నుంచి తీయబోయాడు. మా నాటకాల జనం చప్పట్లు కొట్టరని నేనాయనకి చెప్పడం మరిచిపోయాను. వాళ్ళు కొట్టరు, అడుగుతారు. స్టేజీ మీద వీరుడు పద్యం పాడి ప్రాణం విడిచినా సరే, నచ్చితే అడుగుతారు. అప్పుడు చచ్చినవాడు లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి.

ఆ మౌనంలో అందరికంటే ముందు ఒక కేక లేచింది.

“వన్స్ మోర్!”

కేక వేసింది అన్న. రికార్డరు దగ్గర దగ్గితేనే తిట్టే మనిషి, టేపు తిరుగుతుండగా, మైకుకి జానెడు దూరంలో నిలబడి, తొడ కింద చెయ్యి పైకెత్తి అరిచాడు. ఆ వెనక ఊరు ఊరంతా అందుకుంది. “వన్స్ మోర్! వన్స్ మోరప్పా!”

దొరకి అర్థం కాలేదు. వెళ్ళిపొమ్మంటున్నారని అనుకున్నాడట. నేను కింద నుంచి, మళ్ళీ, మళ్ళీ అని చేతులు తిప్పాను. అప్పుడాయన ముఖం చూడాల్సింది. మళ్ళీ వాయించాడు. బ్లూస్ వాళ్ళకి అదే పాట అట్లాగే వాయించడం చేతకాదట. ఈసారిది వేరే రాగమే అయింది. జనం దానికీ వన్స్ మోర్ అన్నారు. నాటకం వాళ్ళు రంగులు పూసుకుని పక్కన నిలబడి గుటకలు మింగుతున్నారు.

నెలాఖరులోపే దొరా నేనూ బెంగళూరు వెళ్ళి ఆ టేపు కంపెనీ పెద్దమనిషికి వినిపించాం. ఆయన మొదటి నుంచి చివరిదాకా కదలకుండా విన్నాడు. జనం ఉన్నారు, గుట్ట ఉంది, గాలి ఉంది, వేస్తానన్నాడు. ఒక్కటే అభ్యంతరం.

“దగ్గర నుంచి ఎవరో చెవులు పగిలేట్టు అరిచాడు. వాణ్ణి తీసేద్దాం.”

దొర తల అడ్డంగా ఊపాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పిన మాటకి ఇది నా తెలుగు: “నన్ను తీసేసిన మనిషే నన్ను మళ్ళీ అడుగుతున్నాడండీ. అది ఉండాలి.”

ఉంచారు. క్యాసెట్టు వచ్చింది. మా ఊళ్ళో ఎన్ని అమ్ముడుపోయాయో నాకు కచ్చితంగా తెలుసు, కొన్నది నేనే కాబట్టి. దొర జబల్పూరు వెళ్ళిపోయాడు. అన్న తిరిగి షాపుకొచ్చాడు. ఆయన భార్య ఆ కేక మాత్రం ఇంటికొచ్చినవాళ్ళందరికీ వినిపించేదట, ఈయన నోరు తెరిచిన సాక్ష్యం ఇదొక్కటే అని.

కొన్నాళ్ళకి డ్రమ్ములాయన షాపుకొచ్చాడు. చేతిలో క్యాసెట్టు.

“ఏమప్పా,” అన్నాడు అన్నతో, “ఆ కుప్పం దారి జాతరలో, వన్స్ మోర్ అన్నాక వాయించిన రెండో పాట మధ్యలో దొర ఆగినాడు. నేనొక్కణ్ణే వాయించినా. శానాసేపు వాయించినా. ఇందులో నేను యాడ ఉండాను?”

అన్న తన చూపుడువేలు వైపు చూసుకున్నాడు. నేనూ చూశాను. చెయ్యి తొడ కింద నుంచి తీశాక దాన్ని మళ్ళీ అక్కడ పెట్టడం ఆయన మరిచిపోయాడన్న సంగతి ఆ క్షణం దాకా మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ క్యాసెట్టు ఇప్పటికీ నా దగ్గర ఉంది. రెండో పాట మధ్యలో చెవి పెట్టి వింటే చిన్న ‘టక్’ ఉంటుంది. దానికి అటు దొర, ఇటు దొర. మధ్యలో ఏముండేదో తెలుసుకోవాలని ఇన్నేళ్ళుగా ఉంది. నువ్వు అక్కడే ఉన్నావు కదా, వినలేదా అంటారు. సరిగ్గా ఆ వేళకే హారను కట్టిన గుంజకి ఎవరిదో ఎద్దు ఒళ్ళు రుద్దుకుంటుంటే, గుంజ పడిపోతుందని దాన్ని తోలడానికి వెళ్ళాను. ఎంత అదిలించినా అది కదల్లేదు. చెవులు స్టేజీ వైపు పెట్టి, రుద్దుకోవడం కూడా ఆపేసి నిలబడిపోయింది. నేను దాన్ని తిడుతూనే ఉన్నాను.